పదకొండు స్క్రూలు

టమాలేలో జనవరి అంటే దుమ్ము.
ఉత్తరాన ఎడారి తన ఇల్లు దులుపుకుని
ఆ దుమ్మంతా మా కిటికీల్లోకి తోస్తుంది.
నా పాత లాప్‌టాప్ నెలరోజులు దగ్గి దగ్గి
పోయిన మంగళవారం, ఉల్లిపాయల ధర టైపు చేస్తుండగా
సగం అంకె దగ్గర కన్నుమూసింది.

నపారి దుకాణం ఒక ఓడ డబ్బా.
గోడ పొడుగునా మదర్‌బోర్డులు
ఎండు చేపల్లా వేలాడుతుంటాయి.
అతను నా పాతదాని మూత ఎత్తి చూసి ఏమీ అనలేదు,
బల్లమీద మూడింటిని పెట్టాడు.

మొదటిది వెండి రంగుది.
చేతిలోకి తీసుకుంటే పళ్లెమంత తేలిక,
గోరు దూరే సందైనా లేదు.
నాకు దాన్ని వదలబుద్ధి కాలేదు, నిజం చెప్పాలిగా.
"మెమరీని బోర్డుకే అతికేశారు, బ్యాటరీ జిగురులో మునిగుంది.
దీని జబ్బు దీన్ని కన్నవాళ్లకే తెలియాలి.
వాళ్లేమో సముద్రం అవతల" అన్నాడు నపారి.
పైన పటారం అనుకున్నాను,
అనుకుంటూనే ఇంకోసారి నిమిరాను.

రెండోది బంగారు గనిలో పనిచేసి వచ్చింది.
నాలుగు మూలలా రబ్బరు బూట్లు, మోయడానికి పిడి.
నడుమెత్తు నుంచి నేలమీదికి వదిలేశాడు.
గుమ్మంలో కోడిపిల్లలు బెదిరాయి,
అది బెదరలేదు.
"మరి లోపం?"
"ఛార్జరు. ఈ పిన్ను దీనికి తప్ప లోకంలో దేనికీ పట్టదు.
పడితే లేస్తుందక్కా, ఆకలికి మాత్రం ఆగలేదు."

మూడోది నల్లది, ఇటుకంత మందం.
ఏదో జర్మన్ ఆఫీసు విసిగి వదిలేసిన సరుకు.
ఒక మూల చిట్లింది. మీటల మీద అక్షరాలు
ఎవరి వేళ్లకో అరిగిపోయి ఉన్నాయి.
నేను మొహం తిప్పుకున్నాను.

అప్పుడే కరెంటు పోయింది.

నపారి టార్చి పళ్ల మధ్య కరుచుకుని
ఆ నల్లదాన్ని బోర్లించి విప్పడం మొదలుపెట్టాడు.
ఒకటి, రెండు, మూడు...
సార్డీన్ డబ్బా మూతలో టిక్కు టిక్కుమని పడుతున్నాయి.
పదకొండు.
రంధ్రాలు మాత్రం పన్నెండు.

మూత లోపలివైపు పెన్సిలు రాతలు.
మొదటిది మా ఇద్దరికీ రాని భాష,
పక్కన ఒక తేదీ, చిన్న ఫ్యాను బొమ్మ.
దాని కింద, "కీలు మార్చాను, అక్రా."
ఇంకా కింద వంకర అక్షరాల్లో,
"ర్యామ్ పెంచాను. ఒక స్క్రూ పారేసుకున్నాను,
తరవాత విప్పేవాడా, మన్నించు. కుమాసీ."

నేను ఆ రాతలు రెండుసార్లు చదివాను.
నపారి నోట్లోంచి టార్చి తీసి అన్నాడు,
"ఏది పాడవదు అని అందరూ అడుగుతారు.
పాడైన రోజు ఎవరింటికి నడిచి వెళ్లగలవో
అది ఎవరూ అడగరు."
మాట బాగానే ఉంది గానీ
బేరం దగ్గర అది పనిచేయలేదు.
పద్దెనిమిది వందల సెడీలన్నాడు, పదమూడన్నాను,
చివరికి పదిహేనున్నర.
చచ్చిన దాని తోబుట్టువు నుంచి పీకిన బ్యాటరీ ఒకటి కొసరు,
పాత టూత్‌బ్రష్ ఒకటి.
"నెలకోసారి ఫ్యాను తుడువు. విప్పడానికి భయపడకు.
అది నిన్ను కరవదు."
పెన్సిలిచ్చాడు. తేదీ నేనే వేశాను.

మర్నాడు తెల్లవారుజామున
స్టేషన్లో వార్తలు చదివింది కొత్త కుర్రాడు.
నేను టైపు చేసిన కాగితం చివర
తియుంబా అని ఉండాల్సిన నా పేరును
గొంతు సవరించుకుని మరీ 'తిజుంబా' అని చదివాడు.
జర్మన్ మీటల మీద వై, జెడ్ చోట్లు మారి ఉంటాయట.
ఎనిమిదింటికల్లా చేపల బజారు మొత్తం
నన్ను కొత్త పేరుతో పిలిచింది.

నపారి నవ్వాపుకోలేక ఫోన్ చేశాడు,
ఆ రెండు మీటలూ సరిచేస్తా, పట్రా అని.
వద్దన్నాను. వేళ్లకు అలవాటవుతుందిలే.
పన్నెండో స్క్రూ ఎక్కడైనా దొరికితే మాత్రం
దాచిపెట్టమన్నాను.